ఆగు మేస్త్రి కళ్ళజోడు పెట్టె

మా నాన్నని మా వీధిలో ఎవరూ అసలు పేరుతో పిలవరు. ‘ఆగు మేస్త్రి’ అంటారు. బాగుచేసిన బండి షెడ్డు గేటు దాటబోతుంటే చెయ్యెత్తి, "ఆగు, ఆగు" అంటూ వెనకాలే పరిగెత్తడం ఆయన అలవాటు. తీరా ఆగాక చేసేదేమీ ఉండదు. వంగి ఒకసారి కింద చూస్తాడు, చక్రాన్ని కాలితో ఒక తన్ను తంతాడు, "ఊ, పో" అంటాడు. కొందరు నవ్వుకుంటారు, కొందరు విసుక్కుంటారు. ఒక లాయరుగారైతే అద్దం దించి, "మేస్త్రీ, ఆగమంటే ఆగడానికి నువ్వేమన్నా మా ఆవిడవా?" అన్నాడు. నాన్న ఆయనకేసి చూడను కూడా చూడలేదు. వంగి కింద చూశాడు, "ఊ, పో" అన్నాడు.

పిరికివాళ్ళని చాలామందిని చూశాను గానీ, పని ఇంత బాగా వచ్చిన పిరికివాణ్ణి ఇంకొకర్ని చూడలేదు. నిచ్చెనంటే భయం, లిఫ్టంటే భయం, మా పాప దగ్గితే భయం. ముప్ఫై అయిదేళ్ళుగా బ్రేకులూ స్టీరింగులూ బాగుచేస్తున్న మనిషి, బండెక్కితే మాత్రం ముందు సీటుని రెండు చేతులతో వాటేసుకుని కూర్చుంటాడు. ఎందుకంటే, "మీకు తెలీదు కాబట్టి హాయిగా కూర్చుంటారు. మీ కాళ్ళ కింద ఏమేం తిరుగుతున్నాయో నాకు తెలుసు" అంటాడు.

మా షెడ్డు ఊరి చివర, కొండలకి పోయే రోడ్డు మీద ఉంది. అది దాటితే పెట్రోలు బంకు, ఆ తర్వాత పొలాలు, ఆ పైన కొండలు. సెలవులొచ్చాయంటే బళ్ళు బారులు తీరేవి. అందరూ ఎక్కడో ఒకచోటికి సరదాగా పోయేవాళ్ళే. కొండమీది సరస్సుకొకరు, గడియారస్తంభం ఉన్న చిన్న ఊరికొకరు, జలపాతానికొకరు. వెళ్ళేటప్పుడు బ్రేకులు చూపించుకుని వెళ్తారు, వచ్చాక కింద కడిగించుకుంటారు. ఆ కడగడంలోనే నాన్న ఆ చోట్లన్నీ చూసేశాడు. చక్రం లోపల గట్టిపడ్డ ఎర్రమట్టిని గోటితో గీకి, "సరస్సు దాకా దిగారు" అనేవాడు. రేడియేటరు జాలీలో ఇరుక్కున్న సన్నటి ఆకుల్ని పీకి, "ఇది జలపాతం దారి" అనేవాడు. లోకంలో అందమైన చోట్లన్నిటినీ వెల్లకిలా పడుకుని, కిందనుంచి చూసిన మనిషి మా నాన్న. స్వయంగా ఒక్కచోటికీ వెళ్ళలేదు, మమ్మల్ని తీసుకెళ్ళలేదు.

దానికి కారణం ఒక తెల్ల వ్యాను అని నాకు తెలుసు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు కుటుంబాలవాళ్ళు కలిసి సరస్సుకి పోతూ స్టీరింగు చూడమని ఆ వ్యాను తెచ్చారు. "ఇంకొక్క పూట ఉంచండి, నిదానంగా చూస్తాను" అన్నాడట నాన్న. గదులు మాట్లాడుకున్నాం, కుదరదన్నారట వాళ్ళు. నాలుగో రోజు దాన్ని గొలుసులేసి లాక్కొచ్చి మా షెడ్డు వెనక పెట్టారు. ముందుభాగం మొత్తం నుజ్జయిపోయింది. అందులోవాళ్ళు ఎంతమంది మిగిలారో మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. కేసు తేలేదాకా ఎనిమిది నెలలు అది అక్కడే ఉంది.

వెనక సీట్లు మాత్రం చెక్కుచెదరలేదు. నేను స్కూలు నుంచి వచ్చి, పుస్తకాల సంచి అవతల పారేసి, బొమ్మని చంకనేసుకుని అందులో ఎక్కి కూర్చునేదాన్ని. "పదండి పదండి, సరస్సుకి పోదాం" అని బొమ్మతో చెప్పి, నోటితో హారను కొట్టుకుంటూ ఒకదాన్నే ఊళ్ళు తిరిగేదాన్ని. ఒక సాయంత్రం నాన్న ఎక్కడినుంచి వచ్చాడో వచ్చాడు, రెక్క పట్టుకుని బయటికి ఈడ్చి, చెంప ఛెళ్ళుమనిపించాడు. నా మొత్తం జీవితంలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. కొట్టి, అక్కడే నేలమీద చతికిలబడి, నాకంటే గట్టిగా ఏడ్చాడు.

కళ్ళజోడు పెట్టె అలవాటు కూడా ఆ వ్యాను తర్వాతే మొదలైంది. బండి కింద పడుకుంటే చొక్కా జేబులోవన్నీ జారిపోతాయి. నాన్న కళ్ళజోడు ఎలాగూ దారానికి కట్టుకుని మెడలో వేసుకుంటాడు, పెట్టె ఖాళీయే. అందుకని బిగించాల్సిన చిన్న చిన్న సామాన్లు ఆ పెట్టెలో వేసి, మూత తెరిచి తల పక్కన పెట్టుకునేవాడు. పెట్టెలో ఏదైనా ఉందంటే పని మిగిలుందని లెక్క. ఖాళీ అయితేనే మూత వేస్తాడు. మూత పడితేనే బండి కదలాలి. ఎక్కడిదాకా చేశానన్నది తన బుర్రని అడగడు, పెట్టెని అడుగుతాడు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. "పెట్టె జోలికి రాకు" అన్నది నేను పెళ్ళి చేసుకుని వెళ్ళేదాకా విన్న మాట, పెళ్ళయి రెండు వీధుల అవతలే ఉంటున్నాను కాబట్టి ఇప్పటికీ వింటున్న మాట.

అలాంటి మనిషిని పోయిన సెలవుల్లో మా అమ్మ కదిలించింది. "ముప్ఫై అయిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందర్నీ సాగనంపుతున్నారు. నా మోకాళ్ళు మొరాయించేలోపు నాకా సరస్సు చూపిస్తారా, చూపించరా?" అంది. ఆయన రోడ్డు బాలేదన్నాడు, వాన పడుతుందన్నాడు. అమ్మ నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయిదో రోజు ఆయన మా పాత కారు కిందకి దూరాడు. ఆయనకి కొండ మీద నడిపే ధైర్యం లేదు కాబట్టి నడపడం నా వంతు. మా ఆయనకి ఫ్యాక్టరీలో షిఫ్టు. నాన్న, అమ్మ, నేను, ఏడేళ్ళ మా పాప, అంతే.

నేను ఒక షరతు పెట్టాను. దారి పొడుగునా "ఆగు, ఆగు" అంటే నేను నడపలేను, కాబట్టి మొత్తం ప్రయాణానికి మూడంటే మూడు ‘ఆగు’లు. నాలుగోది అన్నాడంటే బండి వెనక్కి తిప్పేస్తాను. పాప లెక్క చూస్తుంది. నాన్న బేరమాడాడు, పది కావాలన్నాడు. నేను మూడు దగ్గరే కూర్చున్నాను.

బయల్దేరే ముందురోజు సాయంత్రం జరిగింది చెప్పాలి. ఇది నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. నాన్న ముందు చక్రం విప్పి, స్టీరింగు కడ్డీ చివర జాయింటు కొత్తది వేస్తున్నాడు. ఆ జాయింటుకి ఒక నట్టు ఉంటుంది. నట్టు తిరిగి వదులైపోకుండా దానికి అడ్డంగా ఒక సన్నటి పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోవైపు వంచుతారు. ఆ పిన్ను లేకపోతే గతుకుల్లో నట్టు కొంచెం కొంచెం విడిపోతుంది. పూర్తిగా విడిపోతే మనం స్టీరింగు ఒకవైపు తిప్పుతాం, చక్రం దాని ఇష్టం వచ్చినవైపు పోతుంది. ఈ సంగతి మెకానిక్కు కూతుర్ని కాబట్టి నాకు పదేళ్ళ వయసు నుంచే తెలుసు.

భోజనానికి అమ్మ నాలుగుసార్లు పిలిచింది. అయిదోసారి నేను వెళ్ళాను. "నాన్నా, లే. తెల్లవారగానే పోవాలి, ఇంకా బట్టలు సర్దలేదు నువ్వు" అని కాలు పట్టుకుని లాగాను. నట్టు పట్టించాను, బిగించాల్సి ఉందని ఏదో గొణుగుతూ బయటికొచ్చి చేతులు కడుక్కోవడానికి పోయాడు. నేల మీద ఆయన పెట్టె కనిపించింది. రేపు మర్చిపోతాడేమో అని నేను దాన్ని టప్పున మూసి ఆయన ప్రయాణం సంచిలో పడేశాను.

తిని మళ్ళీ షెడ్డుకి పోయినవాడు గుమ్మం దాకా వచ్చి అడిగాడు. "పెట్టె ఏదమ్మా?"

"మూసి నీ సంచిలో పెట్టాను."

"మూశావా? ఖాళీయేగా?"

"ఆఁ ఆఁ, ఖాళీయే" అన్నాను, పాప గౌను మడతపెడుతూ. చూడలేదు.

ఆయన వెళ్ళి చక్రం ఎక్కించి బండి దించేశాడు. ఆ రెండు ‘ఆఁ’లూ ఇప్పటికీ నా చెవిలో వినిపిస్తుంటాయి.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పెట్రోలు బంకు దాటకుండానే మొదటిది వాడేశాడు. "ఆగు! ఏదో కాలుతోంది." ముందు పోతున్న లారీ పొగ అది. "ఒకటి" అంది పాప. పొలాల మధ్య రెండోది. "ఆగు! చక్రం టిక్కు టిక్కు మంటోంది." టైరు గాడిలో గులకరాయి. కొండ ఎక్కడం మొదలవగానే మూడోది, గావుకేక. "ఆగు ఆగు ఆగు!" నా పైప్రాణాలు పైనే పోయాయి. పక్కకి ఆపి చూస్తే అమ్మ టిఫిను డబ్బాలో స్టీలు చెంచా దొర్లుతోంది. "అది ఒకటా, మూడా అమ్మా?" అని పాప నన్ను అడిగింది. ఒకటిగానే లెక్కపెట్టమన్నాను, జాలిపడి. అయినా కోటా అయిపోయింది. నాన్న వెనక సీట్లో పాప పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని, నోటికి తాళం వేసుకుని కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ పూట మా అందరి జీవితాల్లోనూ మంచి పూట. గడియారస్తంభం ఉన్న ఊళ్ళో ఆగి టీ తాగాం. గడియారం ఎప్పుడో ఆగిపోయిందట, ఊళ్ళోవాళ్ళకి దాంతో పనేమీ ఉన్నట్టు లేదు. అమ్మ బుట్టెడు కమలాపళ్ళు కొంది. సరస్సు దగ్గర గాలి చల్లగా ఉంది, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అమ్మ చెప్పులు విప్పి పాదాలు నీళ్ళలో పెట్టి, "అబ్బ" అని ఊరుకుంది. నాన్న అందరూ చూసే నీళ్ళ వంక చూడలేదు. గట్టు మీద గొంతుకూర్చుని, ఎర్రమట్టి కొంచెం తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. "ఇదే" అన్నాడు. "ముప్ఫై అయిదేళ్ళుగా గీకుతున్నాను. తడిగా ఉన్నప్పుడు ఇంత మెత్తగా ఉంటుందని తెలీదు." తర్వాత ఆ గడ్డి మీదే పడుకుని గురకపెట్టాడు. బండి కింద కాకుండా ఆకాశం కింద ఆయన వెల్లకిలా పడుకోవడం నేను మొదటిసారి చూశాను. చూసి, ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డాడు పాపం అనుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి దిగడం మొదలుపెట్టాం.

మూడో మలుపు దగ్గర నా చేతికి ఏదో తేడాగా అనిపించింది. స్టీరింగు తిప్పినప్పుడు ఒక్క క్షణం ఏమీ పట్టనట్టు ఖాళీగా తిరిగి, అప్పుడు చక్రం కదులుతోంది. గతుకు వచ్చినప్పుడల్లా కింద ‘టక్’ మంటోంది. చిన్న శబ్దమే. నేను అద్దంలో నాన్నని చూశాను. ఆయనకి ఇంకా నిద్రమత్తు వదల్లేదు, పాప చెప్పే కథ వింటున్నాడు.

అప్పుడే ఆపాల్సింది. ఎందుకు ఆపలేదని తర్వాత వందసార్లు నన్ను నేను అడుక్కున్నాను. పొద్దుటినుంచీ ఆయన్ని అంత ఆటపట్టించి, ఇప్పుడు నేనే శబ్దం వస్తోందని ఆపితే పరువు పోతుందనిపించింది, అంతే. ఇంకేమీ లేదు. పాట శబ్దం పెంచాను. ఇంకో మలుపులో మళ్ళీ ‘టక్’. ఇంకొంచెం పెంచాను. మా వైపు లోయ. అంచున అడుగెత్తు రాళ్ళు, రాయికీ రాయికీ మధ్య కారు పట్టేంత సందు. కింద చెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. అమ్మ కిటికీలోంచి తొంగి చూసి, "ఎంత లోతో చూడవే, కళ్ళు తిరుగుతున్నాయి" అంది సంబరంగా.

వెనక పాపకి తోచడంలేదు. తాతయ్య మెడలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది, వెక్కిరించింది, విసుగొచ్చి, "దీన్ని డబ్బాలో పెట్టేస్తా తాతయ్యా" అని ఆయన సంచిలో చెయ్యి పెట్టింది. పెట్టె మూత తెరుచుకున్న చప్పుడు నాకు పాటలో వినిపించలేదు. పాప గొంతు వినిపించింది.

"తాతయ్యా, నీ డబ్బాలో అమ్మమ్మ జడపిన్ను ఉంది! ఎంత మెరుస్తోందో." ఒక క్షణం ఆగి, "అమ్మా, నాకు బాగుందా?"

అద్దంలోకి చూశాను. పాప చెవి పైన, జుట్టులో, తళతళలాడుతూ పిన్ను. రెండు కాళ్ళూ తిన్నగా ఉన్నాయి. ఒక్కసారి కూడా వంచని కొత్త పిన్ను.

దాని పక్కనే నాన్న ముఖం. ఆయన కూడా పిన్నునే చూస్తున్నాడు. తర్వాత తలెత్తి అద్దంలో నన్ను చూశాడు. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది. ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాను. అరిస్తే నేను బ్రేకు మీద నిలబడతాను, నిలబడితే ఆ చక్రం ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

ఆయన అరవలేదు. "తల్లీ" అన్నాడు, చంటిపిల్లని నిద్రలేపినంత మెత్తగా. "పాట తీసెయ్."

తీసేశాను. ‘టక్’ ఇప్పుడు అందరికీ వినిపించింది.

"ఎంత ఖాళీగా తిరుగుతోంది?"

"జానెడు. పైన మూడో మలుపు దగ్గర రెండు వేళ్ళంత ఉంది."

"సరే. బ్రేకు గట్టిగా తొక్కకు. రెండో గేరు వెయ్యి. స్టీరింగు గభాల్న తిప్పకు, పట్టుకుని ఉండు, అంతే. బాగా నడుపుతున్నావు."

"తాతయ్యా, నీ ఆగులు అయిపోయాయి" అని పాప గుర్తుచేసింది.

"అవునమ్మా, అయిపోయాయి. నేను ఆగమనలేదుగా" అన్నాడు నాన్న. "ఏమేవ్, పాపకి ఒక కమలాపండు ఒలిచిపెట్టు."

నాన్న భయపడితే ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. మెత్తగా మాట్లాడుతున్నాడంటే ఏమిటో అమ్మకి నాకంటే బాగా తెలుసు. అమ్మ బుట్టలోంచి పండు తీసి ఒలవడం మొదలుపెట్టింది. తొక్కతో పాటు తొన కూడా ఊడి ఆమె ఒళ్ళో పడింది. రసం చీర మీద కారుతోంది, తుడుచుకోలేదు.

"ముందు వెడల్పు చోటుంది నాన్నా, అక్కడ…"

"వద్దు. అది లోయ వైపు. కొండ వైపుకి పోవాలి మనం. అవతల కాలవ కనిపిస్తోందా? ఆ మలుపు తిరిగాక తిన్నటి రోడ్డు వస్తుంది, అక్కడ దాటుదాం. మలుపు నెమ్మదిగా. నెమ్మదిగా. తిప్పు… ఇంకొంచెం… పట్టుకో."

ఆ మలుపు తిరగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తిప్పాను, ఏమీ కాలేదు. ఇంకా తిప్పాను, ఏమీ కాలేదు. రాళ్ళ మధ్య సందు తిన్నగా మా ముందుకి వచ్చింది, అందులో చెట్ల తలలు, వాటి మీద ఎండ. అప్పుడు ‘టక్’ మని చక్రం మాట విన్నది. రాయి అమ్మ కిటికీ పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయింది. అమ్మ కళ్ళు మూసుకుని పాప నోట్లో తొన పెట్టింది, వెనక్కి చూడకుండానే.

"ఎదురుగా ఏమన్నా వస్తోందా?" నాన్న అడిగాడు.

"లేదు."

"దాటెయ్. కొంచెం కొంచెంగా. చక్రాన్ని కాలవలో దింపెయ్, గీసుకుంటే గీసుకోనీ. ఇప్పుడు చేతి బ్రేకు."

కారు కొండకి రాసుకుని కీచుమని ఆగింది. ఇంజను ఆపాను. పాప మాత్రం నోట్లో తొన నములుతూ, "ఇక్కడెందుకు ఆగాం?" అంది.

తలుపు పట్టుకుని దిగి చూస్తే ముందు చక్రాలు రెండూ చెరో దిక్కు చూస్తున్నాయి. నాన్న అప్పటికే చక్రాల ముందు రాళ్ళు పెట్టేశాడు. పనిముట్లు తేవద్దని నేను ఖండితంగా చెప్పాను. ఆయన తువ్వాల్లో చుట్టి అమ్మ సీటు కింద ఒక పానా, ఒక పటకారు దాచిపెట్టాడు. అవి తీసుకుని బండి కిందకి దూరాడు. నేనూ రోడ్డు మీద పడుకుని తల లోపలికి పెట్టాను.

నట్టు ఆయన రెండు వేళ్ళతో తిరుగుతోంది, సీసా మూత తిరిగినట్టు. "రెండు చుట్లు మిగిలాయి" అన్నాడు.

రెండు చుట్లంటే ఇంకో రెండో, మూడో మలుపులు. నాకు ఏడుపు ఆగలేదు. "నాన్నా, నేనే. పెట్టె నేనే మూశాను. ఖాళీయే అని చెప్పాను. చూడలేదు. శబ్దం కూడా ముందే వినపడింది, పాట పెంచాను."

ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన పానా తిప్పుతూనే ఉన్నాడు. తర్వాత, బండి అడుగుతో చెప్పినట్టు చెప్పాడు.

"ఆ తెల్ల వ్యానుకి కూడా ఇదే జాయింటు."

నేను తల ఇంకొంచెం లోపలికి పెట్టాను.

"వాళ్ళు తొందరపెట్టారు. హారను కొడుతున్నారు, పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నేను కంగారుగా లేచాను. పిన్ను వేశానో లేదో నాకు గుర్తు లేదు. ఎనిమిది నెలలు రోజూ సాయంత్రం దాని కింద దూరి వెతికాను. ముందంతా ముద్దయిపోయింది కదా, ఆ ముక్కే దొరకలేదు. వేసే ఉంటాను. ఎప్పుడూ వేస్తానుగా. వేసే ఉంటానమ్మా. కానీ గుర్తు లేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను?" పానా పక్కన పెట్టాడు. "నిన్ను కొట్టిన రోజు కూడా దాని కిందే ఉన్నాను. నువ్వు పైన ఉన్నావని తెలీదు. వెతుకుతుంటే నెత్తి మీదనుంచి చిన్నపిల్ల గొంతు వినిపించింది. పదండి పదండి, సరస్సుకి పోదాం అంటోంది."

ఆ చెంపదెబ్బ అప్పుడు, ముప్ఫై ఏళ్ళ తర్వాత, నాకు మళ్ళీ తగిలింది. ఊరంతా నవ్విన ఆ పరుగులు, ఆ ‘ఆగు’లు, నేను పాప చేత లెక్కపెట్టించిన ఆ మూడు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఈయన బళ్ళకి భయపడలేదు. తన చేతులకి భయపడ్డాడు, ఇన్నేళ్ళూ, ప్రతి బండికీ.

"పిన్ను" అన్నాడు.

లేచి పాప జుట్టులోంచి తీసుకొచ్చాను. అది నాదే అని పాప పేచీ పెట్టింది. నాన్న పిన్ను దూర్చాడు గానీ కాళ్ళు వంచలేకపోయాడు. అంతదాకా రాయిలా ఉన్న చేతులు ఇప్పుడు గజగజ వణుకుతున్నాయి, పటకారు ఇనుముకి తగిలి టకటకమంటోంది. "నువ్వు వంచు" అని నా చేతికిచ్చాడు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వంచాను. రెండుసార్లు లాగి చూశాను. ఆయన చూశాడు, మళ్ళీ నన్ను చూడమన్నాడు.

"పెట్టె?"

"ఖాళీ."

"చూసి చెప్పు."

చూశాను. అడుగున వేలితో తడిమాను, మూలలన్నీ తడిమాను. "ఖాళీయే నాన్నా."

"మూసెయ్."

మూయడానికి నా చెయ్యి రాలేదు. మళ్ళీ ఒకసారి తడిమి, అప్పుడు మూశాను. నాన్న కారు చుట్టూ తిరిగాడు, వంగి కింద చూశాడు, చక్రాన్ని కాలితో తన్నాడు. వచ్చి వెనక కూర్చున్నాడు. నేను తాళం చెవి తిప్పాను, ఇంజను అందుకుంది. "ఊ, పో" అంటాడని ఎదురుచూశాను. అద్దంలో ఆయన పెదాలు కదులుతున్నాయి, మాట రావడంలేదు. అమ్మ వెనక్కి తిరిగి, "ఏవండీ, పొద్దుపోతోంది" అంది. చివరికి ఆయన నా భుజం మీద చెయ్యివేసి, "ఊ" అన్నాడు, "పో."

నా కాలు క్లచ్చు మీద ఉంది. తియ్యలేకపోయాను.

"ఆగండి" అన్నాను. ఇంజను ఆపి, దిగి, రోడ్డు మీద పడుకుని ఇంకోసారి కింద చూశాను. పాప ‘నాలుగు’ అని లెక్కపెట్టబోయింది గానీ అమ్మ దాని నోట్లో ఇంకో తొన పెట్టేసింది.